అయిదుగురిలో ముగ్గురు

మొన్న గాలి కాలంలో బేతమంగళ నుంచి గనుల ఊరికి బస్సులో వస్తున్నాను. ఊరు రెండు మైళ్ళుందనగా కండక్టరు, "కిటికీలు మూయండప్పా, దిబ్బ లేస్తాండాది" అని కేకేశాడు. అందరూ రేకులు టపటపా దించేశారు. గనిలోంచి తవ్విన రాయిని పొడి చేసి, బంగారం తీసుకున్నాక మిగిలిన బూడిదరంగు మన్ను అక్కడ కొండలు కొండలుగా పడి ఉంటుంది. మా వాళ్ళు దాన్ని సైనైడ్ దిబ్బ అంటారు. ఆషాఢం గాలికి ఆ మన్ను లేచి ఊరంతా తిరుగుతుంది. రేకులు మూసినా సందుల్లోంచి వచ్చి పెదవుల మీద వాలింది. నాలుకతో తడిపితే అదే రుచి, తుప్పు పట్టిన మేకును నోట్లో పెట్టుకున్నట్టు.

మూసిన బస్సులో చెమట వాసన, ఎవరి బుట్టలోనో మగ్గిన మామిడిపళ్ళ వాసన. నాకు ఊపిరాడలేదు. పక్కనున్నావిడ "ఏమమ్మా, తల తిరుగుతాండాదా?" అని నీళ్ళ సీసా అందించింది. తల తిరగలేదు. పదమూడేళ్ళప్పుడు నేను కూర్చున్న ఒక గది గుర్తొచ్చింది. ఆ గదికీ కిటికీలు మూసి ఉండేవి. మేమే మూసుకున్నాం.

మా నాయనది గనిలో లోపలి పని. తవ్విన చోట పైరాయి కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి ఒక కరువు సంవత్సరం నడిచి వచ్చి ఇక్కడ చేరాడట. మేముండేది లైనిళ్ళలో. ఒకే కప్పు కింద వరసగా పది ఇళ్ళు. మధ్య గోడలు తడికెలు. పక్కింట్లో ఉలవచారు తాళింపు పెడితే మా ఇంట్లో తుమ్ములు వచ్చేవి. అప్పుడప్పుడు భూమి లోపల రాయి పగిలేది. నేల ఒక్కసారి అదిరి, గూట్లో గిన్నెలు గలగలమనేవి. ఆ చప్పుడుకు లైనంతా మాట ఆపేది. ఎవరి ఇంటి మగవాడు ఏ షిఫ్టులో ఉన్నాడో ఆడవాళ్ళు మనసులో లెక్క వేసుకునేవారు. కాసేపటికి ఎవరో ఒకరు దగ్గేవారు, ఎవరో రోలు దగ్గరికి పోయేవారు, బతుకు మళ్ళీ కదిలేది.

తెల్లదొరలు వెళ్ళిపోయి, గనులు సర్కారువి అయిన రోజులవి. మా అవ్వకు ఆ సంగతి ఎంత చెప్పినా అర్థం కాలేదు. సంగటి గెలుకుతూ అడిగేది: "గని ఇంగ మందిది అంటాండారే. మంది అంటే ఎవురు?"

"మనమే అవ్వా."

"మనమే అయితే షాఫ్టు కాడ మీ నాయన్ని ఇంగా తడిమి చూసేది ఏలమ్మే? ఎవురి బంగారం ఎవురు దొంగిలిస్తారంట?"

ఆ ప్రశ్నను నేను బడికి మోసుకుపోయాను. అందుకే మా సోషల్ అయ్యవారికి నేనంటే అంత ఇష్టం కలిగిందని ఇప్పుడు అనిపిస్తుంది.

అయ్యవారు కూడా గని కూలి కొడుకే. పొడుగు మనిషి, ఎప్పుడూ ఒకే గోధుమరంగు కోటు. మా తరగతి జరిగే గది ఒకప్పుడు దొరల పిల్లలు చదువుకున్న గది. నల్లబల్ల పైన గోడ మీద నలుచదరంగా ఒక చోట సున్నం తెల్లగా మెరిసేది. ఇంగ్లండు రాజుగారి పటం అక్కడ చాలా ఏళ్ళు వేలాడి, తీసేశాక మిగిలిన గుర్తు అది. బడి తెరిచిన వారంలోనే అయ్యవారు దాన్ని బెత్తంతో చూపించి, "రాజు పోయినాడు. ఇంగ అక్కడ ఎవుర్ని పెడతారు?" అని అడిగారు. నెహ్రూ అన్నారు కొందరు. గాంధీ అన్నారు కొందరు. వెంకటరమణస్వామి అన్నాడొకడు. అయ్యవారు నవ్వి, బీరువాలోంచి ఒక లావు పుస్తకం తీశారు. ఊళ్ళోని లైబ్రరీలో తన పూచీ మీద అడిగి తెచ్చుకున్నదట. అమెరికా దేశం తన రాజ్యాంగాన్ని ఎట్లా రాసుకుందో తెలుగులో చెప్పే పుస్తకం. నున్నటి కాగితం, మధ్య మధ్య బొమ్మలు. తెరిస్తే కిరసనాయిలూ కొత్త బట్టా కలిపినట్టు వాసన వచ్చేది.

ఆ నెలంతా ఆయన మాకు చెప్పిన పాఠం అదొక్కటే. సముద్రానికి అవతల పదమూడు సీమలు. ఇంగ్లండు రాజు పన్ను వేస్తాడు, వీళ్ళను మాత్రం అడగడు. వీళ్ళు తిరగబడ్డారు, యుద్ధం చేశారు, గెలిచారు. గెలిచాక తమలో తాము కొట్టుకోసాగారు. అప్పుడు ఒక ఎండాకాలం, ఫిలడెల్ఫియా అనే ఊళ్ళో, యాభై అయిదు మంది ఒక గదిలో కూర్చున్నారు. లోపలి మాట బయటికి పోకూడదని కిటికీలు మూసుకున్నారు, వాకిట కాపలా పెట్టుకున్నారు. ఉన్ని కోట్లలో ఉడికిపోతూ నాలుగు నెలలు వాదించుకున్నారు. ఎనభై దాటిన ముసలాయన ఒకరు పల్లకీలాంటి కుర్చీలో వచ్చేవాడు. పొట్టి మనిషి ఒకడు ముందు వరసలో కూర్చుని ప్రతి మాటా రాసుకునేవాడు.

"రాజును తీసేసినారు సరే. అధికారాన్ని ఏమి చేసినారు?" అని ఒకరోజు అడిగారు అయ్యవారు. "మీ నాయన్లను గని లోపలికి దించేది ఒక్క మనిషేనా?"

మా క్లాసులో మేస్త్రీ కొడుకు ఒకడు ఉండేవాడు. గట్టి గొంతు, మంచి బట్టలు. వాడు లేచి, "కాదు సార్. కేజీ బోనులో ఎక్కించి గంట కొట్టేవాడు ఒకడు. ఇంజను తిప్పేవాడు ఇంగొకడు. గంట లేకుండా ఇంజను కదలదు" అన్నాడు.

"ఆ! ఇద్దరూ ఒకడే అయితే?"

"వాడికి నిద్రొచ్చినా, కోపమొచ్చినా అందరూ పోతారు సార్."

అంతే, మాకు అర్థమైపోయింది. చట్టం చేసేవాళ్ళు ఒకరు, దాన్ని నడిపేవాళ్ళు ఒకరు, తగవు తీర్చేవాళ్ళు ఒకరు. ఒకరి చెయ్యి ఇంకొకరు పట్టుకుని ఉండాలి.

మీరూ ఒక రాజ్యాంగం రాసుకోండి అన్నారు అయ్యవారు. ఒక్కో బెంచీ ఒక్కో సీమ. ఆయన నోరు తెరవనని మాట ఇచ్చారు. మధ్యాహ్నం సంగటి తిన్నాక తలుపులు, కిటికీలు మూసుకుని కూర్చునేవాళ్ళం. ఆషాఢం గాలి బయట రేకుల మీద మన్ను జల్లుతూ ఉండేది. లోపల ఉక్క. జేబుల్లో నేరేడుపళ్ళు, నోళ్ళన్నీ ఊదారంగు. నా చేతిరాత బాగుంటుందని ఆ పొట్టి మనిషి పని నాకు ఇచ్చారు. నల్లట్ట నోటుబుక్కు ఒకటి నా సొంతమైంది. ఆ నాలుగు వారాలు నేను నేల మీద నడవలేదు.

ఇప్పుడు ఆ పిల్ల గురించి చెప్పాలి.

దిబ్బ కింద గుడిసెలు ఉండేవి. పర్మనెంటు కాని కూలీలవి. అక్కడి నుంచి అయిదుగురు మా క్లాసుకు వచ్చేవారు. చివరి బెంచీ. జుట్టులో, కనుబొమల్లో, పుస్తకాల్లో బూడిద మన్ను. వాళ్ళలో ఒక పిల్లను అందరూ 'దిబ్బ' అనేవాళ్ళం. ఆమెకు మంచి పేరు ఉంది. ఆ పేరు ఇక్కడ రాసే హక్కు నాకు లేదు. సన్నగా, నల్లగా, కళ్ళు పెద్దవిగా ఉండేది. నీళ్ళ కొళాయి దగ్గర నేనూ ఆమే జత. నేను అనపగింజల గుగ్గిళ్ళు పెడితే ఆమె నాకు లెక్కలు చెప్పేది. క్లాసులో మాత్రం మేము మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఎందుకని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

బెంచీకి ఎందరు ప్రతినిధులు అన్న దగ్గర తగవు మొదలైంది. మంది ఎక్కువున్న బెంచీకి ఎక్కువ మంది ఉండాలని పెద్ద బెంచీలు, అందరికీ సమానమని చిన్న బెంచీలు. అమెరికా వాళ్ళలాగే రెండు సభలు పెట్టుకుని తీర్చుకున్నాం. అప్పుడు మేస్త్రీ కొడుకు ఒక ఎత్తు వేశాడు. దిబ్బ పిల్లల బెంచీని అప్పటిదాకా ఎవరూ సీమగా ఎంచలేదు; వాళ్ళను తన బెంచీలో కలిపి లెక్కపెట్టాలన్నాడు. అప్పుడు వాడి బెంచీకి మంది పెరుగుతుంది. మరి వాళ్ళకు ఓటు ఉంటుందా అని అడిగితే, "వాళ్ళెందుకప్పా? నెలలో పది దినాలు రారు. రేపు కాంట్రాక్టు అయిపోతే ఊరే ఇడిసి పోతారు" అన్నాడు. మిగతా బెంచీలు ఒప్పుకోలేదు. ఓటు లేనివాళ్ళను లెక్కపెట్టడమేమిటని గోల. గది హోరెత్తింది. రాజ్యాంగం అక్కడితో ఆగిపోతుందని నాకు భయమేసింది.

నాకు పుస్తకంలోని సంగతి గుర్తొచ్చింది. అయ్యవారు దాన్ని చెప్పినప్పుడు కళ్ళద్దాలు తీసేసి, తల వంచుకుని చెప్పారు. అక్కడ కూడా ఇదే తగవు వచ్చింది. బానిసల్ని మనుషులుగా లెక్కపెట్టాలా వద్దా అని. చివరికి అయిదుగురు బానిసల్ని ముగ్గురుగా లెక్కగట్టారు. వాళ్ళకు ఓటు మాత్రం లేదు. అయ్యవారు ఎందుకు తల వంచుకున్నారో నాకు పట్టలేదు. చిక్కు వీడిన సంగతి మాత్రమే పట్టింది.

నేను లేచి నిలబడి అన్నాను: "వాళ్ళు అయిదుగురు ఉండారు. ముగ్గురని రాసుకుందాం. ఆ పుస్తకంలో ఉన్నట్టే."

చప్పట్లు కొట్టారు. మేస్త్రీ కొడుకు నన్ను మెచ్చుకోలుగా చూశాడు. నా చెవులు వేడెక్కాయి. అప్పుడు చివరి బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది.

"సార్, మేము అయిదుగురం. ముగ్గురంటే ఎవురెవురు?"

క్లాసంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అయ్యవారు మూసిన కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నారు. మాట ఇచ్చారు కదా, నోరు తెరవలేదు. ఆయన వీపు నాకు ఇప్పటికీ కనబడుతుంది. ఆ ఒక్క రోజు ఆయన మాట తప్పి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. తప్పు ఆయన మీదికి తోసేందుకు అనుకున్న మాట అది.

శుక్రవారం సంతకాలయ్యాయి. మేస్త్రీ కొడుకు అధ్యక్షుడు. ముగ్గురు జడ్జీలు. అయ్యవారు నా నోటుబుక్కు మొదటి నుంచి చివరి దాకా చదివి, "బాగుంది. కానీ ఒకటి మరిచిపోయినారు. ఆ అమెరికావాళ్ళు కూడా మొదట దాన్నే మరిచినారు. అది ఏమో సోమవారం వచ్చి అడుగుతాను" అన్నారు.

సోమవారం మొదటి చెయ్యి నాదే కావాలి. నాకు వేరే ఆలోచన లేదు. సాయంత్రం అందరూ పోయాక బీరువా తీసి, పుస్తకం లంగా మడతలో దాచుకుని ఇంటికి తెచ్చేశాను. బీరువాకు తాళం ఉండేది కాదు. దొంగతనమని కూడా అనుకోలేదు. సోమవారం పొద్దున్నే పెట్టేస్తాను కదా అనుకున్నాను.

రెండు రోజులు పొయ్యి పక్కన కూర్చుని చదివాను. అవ్వ మధ్యలో వచ్చి, "ఏమి రాసినారే అందులో?" అంటే, రాజును తరిమేసిన కథ చెప్పాను. మరిచిపోయినదేమిటో ఆదివారం మధ్యాహ్నం దొరికింది. పుస్తకం చివర పది మాటలు. మొదట రాసినప్పుడు అవి లేవు. ఏలేవాళ్ళు ఎట్లా ఏలాలో రాశారు కానీ, మనిషిని ఏమి చేయకూడదో రాయలేదు. అది లేదని ముగ్గురు పెద్దలు సంతకమే పెట్టలేదట. జనం కూడా పట్టుబట్టారు. తరువాత చేర్చారు. మాట్లాడేవాడి నోరు నొక్కకూడదు. తన మీద తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. నాలుగోది, కారణం లేకుండా ఎవరి ఇల్లూ సోదా చేయకూడదు. ఎక్కడ వెతకాలో, ఏమి వెతకాలో కాగితం మీద రాసి, చూసినవాడు ప్రమాణం చేసి చెబితేనే లోపలికి పోవాలి. కింద చిన్న అక్షరాల్లో ఆ మాట ఎట్లా పుట్టిందో ఉంది. రాజు మనుషుల దగ్గర ఊరూ పేరూ లేని కాగితం ఉండేదట. దాన్ని పట్టుకుని ఎవరింట్లోకైనా చొరబడి పెట్టెలు తిరగేసేవారట.

పుస్తకాన్ని మడతపెట్టిన కంబళ్ళ మధ్య దాచాను. సోమవారం పొద్దున లేచి చూస్తే, రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన నాయన ఆ కంబళ్ళనే తలకింద పెట్టుకుని గాఢంగా నిద్రపోతున్నాడు. లాగితే లేస్తాడు. రేపు తీసుకుపోదామని ఖాళీ చేతులతో వెళ్ళాను.

ఆ రోజు అయ్యవారు రాలేదు. కోలారుకు పని మీద పోయారని, రెండు రోజులకు గానీ రారని పెద్దయ్యవారు చెప్పి, గోల చేయకుండా చదువుకోమని వెళ్ళిపోయారు. అధ్యక్షుడు బీరువా తెరిచాడు.

"పుస్తకం యాడ?"

ఆ క్షణంలో చెప్పి ఉండవచ్చు. నవ్వేసి, మా ఇంట్లో ఉండాదప్పా అంటే సరిపోయేది. కానీ వాడి గొంతులో అప్పటికే 'దొంగ' అన్న మాట ఉంది. నేను నోటుబుక్కు తెరిచి తేదీ వేశాను.

"అన్నం గంటలో అందరూ బయటికి పోతే దిబ్బ మాత్రం ఆ పుస్తకం ముందేసుకుని కూచుంటుంది. నేను చూసినాను" అంది ఒక పిల్ల. అవునవును అన్నారు ఇంకొందరు. ఆ పిల్ల చోటు ఖాళీగా ఉంది. ఆ రోజు ఆమె బడికి రాలేదు. అదే రుజువైపోయింది. జడ్జీలు ముగ్గురూ కూర్చున్నారు. మేస్త్రీ కొడుకే ఫిర్యాది, వాడే అధ్యక్షుడు, తీర్పు ఏమని చెప్పాలో కూడా వాడే చెప్పాడు. గంట కొట్టేవాడూ ఇంజను తిప్పేవాడూ ఒకడే అయ్యాడు. సోదా చేయాలని నిర్ణయించారు. నేను నోటుబుక్కులో రాశాను. అక్షరం చెదరలేదు.

పదిహేను మందిమి దిబ్బ వైపు నడిచాం. గాలికి కళ్ళు తెరవలేకపోయాం. గుడిసె ముందు ఆ పిల్ల రాగులు చెరుగుతోంది. వాళ్ళమ్మ పనికి పోయిందట. లోపల దగ్గు వినిపిస్తోంది. మమ్మల్ని చూసి ఆమె మొహం విప్పారింది. నన్ను చూసి. నేను తనను చూడటానికి వచ్చాననుకుంది.

"దిబ్బా, పుస్తకం ఇయ్యి" అన్నాడు మేస్త్రీ కొడుకు.

"ఏ పుస్తకం?"

"తెలీనట్టు అడగబాక. ఇల్లు చూడాల. తప్పుకో."

ఆమె చేట కింద పెట్టింది. లేచి వాకిట్లో అడ్డంగా నిలబడింది. రెండు చేతులూ అటూ ఇటూ వాసాలకు ఆనించింది. మాట స్పష్టంగా వచ్చింది.

"మీరు లోపలికి రాకూడదు. ఎవురి ఇల్లో, ఏమి వెతుకుతారో రాయాల. చూసినోళ్ళు ప్రమాణం చేసి చెప్పాల. అప్పుడే రావాల. అట్లని రాసుండాది."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేస్త్రీ కొడుకు కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు. "యాడ రాసుండాది? మన రాజ్యాంగంలోనా?" అని నా వైపు తిరిగాడు. "నువ్వే కదమ్మే రాసింది. ఉండాదా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. నోటుబుక్కు నా చేతిలో ఉంది. ఆమె చెప్పిన మాటను నేను నిన్ననే, పొయ్యి పక్కన కూర్చుని, రెండుసార్లు చదివాను. పుస్తకం మా నాయన తల కింద ఉంది.

"లేదు" అన్నాను.

అది అబద్ధం కాదు. మా రాజ్యాంగంలో నిజంగానే లేదు.

ఆమె చేతులు వాటంతట అవే దిగిపోయాయి. అందరూ లోపలికి తోసుకుపోయారు. నేనూ పోయాను. లోపల చీకటి, పొగ, మందు వాసన. ఈతచాప మీద వాళ్ళ నాయన. గనిలో దుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు పోయిన మనిషి. ఎముకల గూడు. మోచేతి మీద లేవబోయి, లేవలేక, "ఏమి పోయింది సామీ? ఏమి వెతుకుతాండారు?" అన్నాడు. పిల్లలం, మమ్మల్ని సామీ అన్నాడు. కుండలు దించారు. పాత చీరలు విసిరేశారు. రాగిపిండి డబ్బా ఒకరి కాలు తగిలి దొర్లి, పిండి నేలపాలైంది.

అప్పుడే భూమి అదిరింది. గుడిసె వాసాలు కిర్రుమన్నాయి. చేతిలో ఉన్నవి చేతిలోనే పట్టుకుని అందరం బిగుసుకుపోయాం. మా నాయన ఇంట్లో నిద్రపోతున్నాడు, లోపల లేడు, అని నేను అనుకున్నాను. మేస్త్రీ కొడుకు పెదవులు తెల్లబోయాయి. వాళ్ళ నాయన అప్పుడు గని లోపలే ఉన్నాడు.

చాప మీది మనిషి దగ్గు ఆపుకుని, నేల మీద అరచెయ్యి ఆనించి చూసి, "భయపడబాకండి సామీ. ఇది చిన్నదే. యాడో దూరంలో. మీ నాయన్లకు ఏమీ కాదు" అన్నాడు.

మేము తేరుకున్నాం. తేరుకుని, మళ్ళీ వెతకడం మొదలుపెట్టాం. ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువగా వెంటాడేది ఏదంటే, ఆ రెండో సారి మొదలుపెట్టడమే.

చూరులోంచి పుస్తకం బదులు కుట్టిన కాగితాల కట్ట ఒకటి దొరికింది. పాత క్యాలెండరు కాగితాల వెనక వైపు గుండ్రటి అక్షరాలు. మేము తలుపులు మూసుకుని వాదించుకున్నన్ని రోజులూ, అన్నం గంటలో ఆమె రాసుకున్నది. ఆ పది మాటలూ ఉన్నాయి. సోమవారం అడగబోయే ప్రశ్నకు జవాబు ఆమె ఎప్పుడో కనుక్కుంది. "ఇదే రుజువు" అన్నాడు మేస్త్రీ కొడుకు. పుస్తకం తిరిగి ఇచ్చేదాకా క్లాసులోకి రాకూడదని అక్కడికక్కడే తీర్పు. నేను గుడిసె బయట నిలబడి రాశాను. ఆ పిల్ల నేల మీద కూర్చుని, మన్ను కలవని చోట నుంచి రాగిపిండిని పిడికిళ్ళతో ఎత్తుతోంది. తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం నేను సంగటి తినలేదు. అవ్వ నా ముందు కూర్చుని చాలాసేపు చూసింది. "నీ పుస్తకంలో వాళ్ళు రాజునే తరిమేసినారంటివే. నువ్వు ఎవుర్ని చూసి ఇంత భయపడతాండావే?" అంది. చెప్పాలని నోరు తెరిచాను. ఏడుపు వచ్చింది.

మర్నాడు పొద్దున్నే పుస్తకం తీసుకుపోయి బీరువా వెనక పడేశాను. బుధవారం అయ్యవారు వచ్చారు. పుస్తకం వెనక పడి ఉండటం ఆయనే చూశారు. నోటుబుక్కు అడిగి తీసుకుని నిలబడే చదివారు. కాగితాల కట్ట కూడా చదివారు. దానికి చాలాసేపు పట్టింది. కోటు కూడా తొడుక్కోకుండా గుడిసెల వైపు వెళ్ళిపోయారు.

తిరిగొచ్చేసరికి ఆయన మొహమంతా బూడిద మన్ను. ఆ గుడిసె ఖాళీగా ఉందట. అరువు తెచ్చుకున్న ఎద్దులబండి మీద నాయనను పడుకోబెట్టి, ముందు రోజే ముళబాగిలు వైపు ఎక్కడికో వెళ్ళిపోయారట. కాంట్రాక్టు ఎటూ అయిపోవచ్చిందని పక్క గుడిసెవాళ్ళు చెప్పారట.

అయ్యవారు బల్ల దగ్గర నిలబడి, అన్నారు: "అక్కడ కూడా మరిచిపోయినారు. కానీ సంతకం పెట్టేది లేదని చెప్పినవాళ్ళు ముగ్గురున్నారు. మన క్లాసులో ఒక్కరు లేకపోయినారే."

ఎవరు తీశారని ఆయన అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. ఏడాది చివర ఆయనకు బదిలీ అయింది. బస్సు దగ్గర అందరం దండం పెట్టాం. నా తల మీద చెయ్యి పెట్టి, "బాగా రాస్తావమ్మా నువ్వు" అన్నారు. దీవెనో, ఇంకేమిటో నాకు తెలియలేదు.

నేను టీచరమ్మనయ్యాను. చాలా ఏళ్ళ తరువాత ఒక ఎన్నికలకు నన్ను బైరకూరు దగ్గర ఒక పల్లెలో డ్యూటీ వేశారు. ఓటరు చేత సంతకం తీసుకుని, వేలికి సిరా పెట్టే పని. మధ్యాహ్నం ఎండలో క్యూ సన్నబడింది. ఎదుట ఎవరో నిలబడ్డారు. "సంతకమా, వేలిముద్రా?" అని తల ఎత్తకుండానే అడిగాను.

"సంతకం."

తెలుగులో చేసింది. గుండ్రటి అక్షరాలు. పేరు చదవకముందే నాకు తెలిసిపోయింది. తల ఎత్తాను. ఆమె నన్ను క్యూలో ఉన్నప్పుడే గుర్తుపట్టినట్టుంది. కళ్ళు అవే. ఎడమ చెయ్యి అందుకున్నాను. పట్టుగూళ్ళు ఉడికే నీళ్ళలో చేతులు పెట్టి దారం తీసే పని చేసేవాళ్ళ వేళ్ళు ఎట్లా ఉంటాయో మా జిల్లాలో అందరికీ తెలుసు. తోలు తెల్లగా నానిపోయి, చీలికలు పడి ఉంది. చీలికల్లోకి సిరా దిగుతుంటే ఆమె వేలు కదపలేదు.

"పుస్తకం నేనే తీసుకుపోయినాను. ఆ పొద్దు అది మా ఇంట్లోనే ఉండె" అన్నాను, ఆమెకు మాత్రమే వినబడేట్టు.

ఆమె వేలి మీద సిరా ఆరేట్టు ఊదుకుంది.

"మా నాయన ఇంగ నాలుగేండ్లు బతికినాడు. పోయేదాకా అడుగుతానే ఉండె, పాపం ఆ పిల్లోళ్ళు వెతికింది దొరికిందా అని."

"ఏమి చెప్పినావు?"

"దొరికింది నాయనా అని చెప్పినాను. లేకుంటే ఆయప్ప నిద్రపోడు."

వెనక నుంచి ఎవరో "బిరీన కానీయండమ్మా" అన్నారు. ఆమె పక్క బల్ల వైపు చెయ్యి చాచి, "చీటీ ఇయ్యండమ్మా" అంది. ఆఫీసరమ్మతో మాట్లాడినట్టు మర్యాదగా. బ్యాలెట్ కాగితం తీసుకుని అట్ట మరుగుకు వెళ్ళింది. కింద ఆమె పాదాలు మాత్రం కనబడుతున్నాయి. తొందరపడలేదు. మడిచి, పెట్టెలో వేసి, అవతలి వాకిలి నుంచి వెళ్ళిపోయింది.

ఆ తరువాత ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ పల్లె డ్యూటీయే కావాలని రాసి ఇచ్చాను. ఒకే ఒక్కసారి పడింది. ఊరు చేరగానే జాబితా తెరిచి చూశాను. ఆమె పేరు మీద అడ్డగీత కొట్టి ఉంది. చనిపోయినవాళ్ళ పేరుకీ, ఊరు మారినవాళ్ళ పేరుకీ అదే గీత. వాకిట్లో నిలబడిన ఏ ఆడమనిషిని అడిగినా చెప్పేదే. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ ఊరి వాళ్ళందరి వేళ్ళు పట్టుకున్నాను. ఎవరినీ అడగలేదు.